కాలువకు ఇవతల

సర్కారు వైద్య పథకం కాలువకు ఇవతలి వీధులకు కూడా వచ్చిందని కుట్టుమిషన్ వదిన పరుగున వచ్చి చెప్పింది. ఇస్త్రీ చేసే ఆవిడకు సంతోషం మాట అటుంచి, గుండెల్లో రాయి పడింది.

ఇన్నాళ్ళూ ఉచిత వైద్యం కాలువకు అవతలి వాళ్ళకే. అందుకే కిడ్నీలు పాడైన మొగుడు అవతల తన అక్క ఇంట్లో ఉంటున్నట్టు కార్డు చేయించింది. ఆయన నోరు తిరగాలని అన్నం పెడుతూ అడిగేది, నిద్ర లేపి మరీ అడిగేది. "మీ ఇల్లెక్కడ?" "వంతెన దాటాక, పాలకేంద్రం వెనక, మేడ మీది గది." పెళ్ళిరోజు మర్చిపోయాడు గానీ మహానుభావుడు ఇది మాత్రం మర్చిపోలేదు. ఆ మాట మీదే రోజు విడిచి రోజు ఆసుపత్రి యంత్రం ఆయన రక్తం శుద్ధి చేస్తోంది. రేపు మళ్ళీ వెళ్ళాలి.

ఇప్పుడేమో ఎవరెక్కడ ఉంటున్నారో ఇంటింటికీ వచ్చి రాసుకుంటున్నారట.

"మనం ఉండేది ఇక్కడే కదా. ఉన్నమాట చెప్పేద్దాం," అన్నాడాయన.

ఉన్నమాట చెప్పడానికి కూడా ఆవిడ ప్రాక్టీసు చేయించింది. పొద్దున్నుంచీ "కాలువకు ఇవతల, మూడో సందు" అని ఆయన వల్లె వేస్తూనే ఉన్నాడు.

సర్వే అమ్మాయి ఎండనపడి వచ్చింది. మంచినీళ్ళు తాగి ఫోను తీసింది.

"మీరుండేదెక్కడ బాబాయ్?"

ఆయన నిటారుగా నిలబడ్డాడు. "వంతెన దాటాక, పాలకేంద్రం వెనక, మేడ మీది గది."

అనేశాక నాలిక్కరుచుకున్నాడు.

ఆ అమ్మాయి ఇద్దరి మొహాలూ చూసింది. "అక్కడ కార్డుందా పిన్నీ? ఉంటే ముందే చెప్పండి. ఇక్కడ రాస్తే అది ఇవాళే ఆగిపోతుంది. కొత్తది రావడానికి నెల పట్టొచ్చు."

నెల. ఒక్క విడత తప్పితేనే ఆయనకు కాళ్ళు ఉబ్బిపోతాయి. పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చుంటాడు. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆవిడ ఎప్పుడూ ఇంతగా భయపడలేదు.

"ఆయన చెప్పిందే నిజమమ్మా," అంది. "ఇక్కడుండేది నేనొక్కదాన్నే. ఆయన ఊరికే చూసిపోదామని వచ్చారు."

కొక్కేనికి ఆయన చొక్కాలున్నాయి. కిటికీలో ఆయన మందులున్నాయి. ఇస్త్రీ బల్ల ముందు ఏళ్ళ తరబడి ఆయన నిలబడి అరగదీసిన బండ నున్నగా మెరుస్తోంది. ఆ అమ్మాయి అన్నీ చూసింది. ఫోనులో ఒక్క పేరే ఎక్కించుకుంది.

లేచి వెళ్తూ మర్యాదకి పలకరించింది. "మళ్ళీ ఎప్పుడు వెళ్తారు బాబాయ్?"

ఆయన పెళ్ళాం వైపు చూశాడు. ఈ ప్రశ్నకు జవాబు ఆవిడ నేర్పలేదు.

"రేపు," అన్నాడు, సొంత ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియని చుట్టంలా.