నాలుగో గుడ్డ

“పాత చీరొకటి చింపియ్యి శోభా! నూలుది, మెత్తగుండాలె,” అని వాకిట్లోంచి కేకేశాడు జగదీశ్వర్.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికే గోదావరిఖని ఎండ క్వార్టరు గోడలెక్కి కూచుంది. శోభ పప్పు పొయ్యి మీద పడేసి ట్రంకుపెట్టె తెరిచింది. చేతికందిన నూలు చీర ఒక్కటే. ఆకుపచ్చది, పదిహేనేళ్ల కింద మొదటిసారి డ్యూటీకి పోయిన రోజు కట్టుకున్నది. ఇంకోటి వెతుకుదామంటే పప్పు పొంగుతోంది, అవతల కేకలు. అంచు దగ్గర పంటితో కొరికి చర్రున చింపింది. నాలుగు ముక్కలయింది.

గుడ్డలెందుకో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. వేపచెట్టు నీడన ఎర్రకారు మూతి విప్పుకుని నిలబడి ఉంది. అది వర్క్‌షాపు ఇంజనీరు అచ్యుతరావు గారి కొడుకు ఆదిత్యది. టర్బో ఉన్న స్పోర్ట్స్ కారు. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టేది. నెట్టిన గాలి వేడెక్కుతుంది, వేడిగాలితో ఇంజన్‌కు సత్తువ రాదు. ఆ గాలిని దారిలోనే చల్లబరిచే జాలీ పెట్టె ఇంటర్‌కూలర్. కారుతో వచ్చింది చిన్నది, ఈ ఎండలకు చాలడం లేదు. రాజీవ్ రహదారి మీద రెండుసార్లు గట్టిగా తొక్కితే మూడోసారికి బండి డీలా పడుతోందని ఆ అబ్బాయి దిగులు. అందుకని హైదరాబాదు నుంచి పెద్ద కూలర్ తెప్పించాడు. దాన్ని బంపర్ వెనక బిగించి కొత్త పైపులు వేసే పని జగదీశ్వర్ నెత్తికెత్తుకున్నాడు. ఇది మూడో ఆదివారం. వంటింటి కిటికీ రెక్క ఊడి రెండేళ్లయింది, దానికి ఒక్క ఆదివారం కూడా దొరకలేదు. శోభ ఆ మాట పైకి అనలేదు. అంటే ఏమొస్తుందో తెలుసు. “నీ కిటికీ బిగిస్తే నీకు ప్రమోషనిస్తరా?” అంటాడు. అని తనే నవ్వుతాడు కూడా.

ఇద్దరిదీ ఒకే వర్క్‌షాపు. ఓపెన్‌కాస్టు గనిలో మట్టి మోసే డంపర్లు అక్కడికే మరమ్మతుకు వస్తాయి. అతను ఫిట్టర్, ఆమె మజ్దూర్. ఇంటర్ చదివినా మజ్దూరే. తండ్రి ఆగయ్య బొగ్గుబాయిలో కప్పు కూలి చనిపోయాక, కొడుకుల్లేని ఇంట్లో ఆ నౌకరి ఆమెకు వచ్చింది. వచ్చిన ఏడాదికే మేనత్త సారవ్వ, “మా తమ్ముని నౌకరి పరాయింటికి ఎందుకు పోవాలె?” అంటూ కొడుక్కి చేసుకుంది. నౌకరి కోసం పిల్లని తెచ్చుకున్నారా, పిల్ల కోసం నౌకరిని తెచ్చుకున్నారా అన్నది శోభకు ఇన్నేళ్లయినా తేలని సంగతి. పదిహేనేళ్లుగా ఆమె డంపర్ల కూలర్లు కడుగుతోంది. ఏ రేకు వంగిందో, ఏ గొట్టం లోపల చిట్లిందో నీళ్లు పారే తీరు చూసి చెప్పేయగలదు. చెబితే మొదట ఎవరూ వినరు. తర్వాత అదే మాట జగదీశ్వర్ ఫోర్‌మన్‌కు చెబుతాడు, అప్పుడు అందరూ వింటారు.

బొగ్గు ఊళ్లో విప్పిన పైపు నోరు తెరిచిపెట్టకూడదు. పావుగంటలో దుమ్ము నిండుతుంది, ఆ దుమ్ము ఇంజన్‌లోకి పోతే ఇంజన్ పాడైనట్టే. అందుకని విప్పిన ప్రతి నోట్లో గుడ్డ కుక్కుతారు, బిగించే ముందు లాగేస్తారు. కుక్కడం, లాగడం మజ్దూర్ల వంతు. శోభ చేరిన కొత్తలో పూలమ్మ అనే పెద్ద మజ్దూరు ఆమెకు కొంగు ముడులు నేర్పింది. గుడ్డ పెట్టగానే కొంగుకొక ముడి. తీయగానే ఒక ముడి విప్పాలి. “నీ నెత్తి మర్సిపోతది బిడ్డా. కొంగు మర్వది,” అనేది. ఖాకీ చొక్కా కింద శోభ కొంగు ఏనాడూ తప్పుడు లెక్క చెప్పలేదు.

కానీ చెప్పిన లెక్క వినాలి కదా. సకల జనుల సమ్మె విరమించి అందరూ డ్యూటీలకెక్కిన మొదటి వారం అది. ఒక డంపర్‌కు మూడు గుడ్డలు పెట్టింది, రెండు తీసింది. మూడోదానికి చెయ్యి చాచేసరికి ఫోర్‌మన్ చాయ్ తెమ్మన్నాడు. ఆ వర్క్‌షాపులో చాయ్ ఆడ మజ్దూర్లే తేవాలి. ఎందుకని అడిగినవాళ్లు లేరు. “బావా, ఇంకొకటున్నది,” అని చెప్పే వెళ్లింది. చాయ్ తెచ్చేసరికి పైపు బిగించి ఉంది. జగదీశ్వర్‌ను మళ్లీ అడిగితే, “అన్నీ సూసుకున్న తియ్,” అన్నాడు. ఆ మర్నాడు డంపర్ ఎత్తు మీద ఆగిపోయింది. గుడ్డ పీలికలు ఇంజన్‌లో దొరికాయి. అచ్యుతరావు గారు పిలిపించి అడిగితే, జగదీశ్వర్ ఆమె వైపు చూడకుండా, “గుడ్డలు తీసుడు శోభ పని సార్,” అన్నాడు. అందరి ముందు మొగుణ్ణి అబద్ధాలకోరు అనడమెట్లా? మెమో తీసుకుని సంతకం పెట్టింది. ఇంటికొచ్చాక, “నీది మజ్దూర్ నౌకరి, ఒక మెమోకు ఏమైతది? నాది ఫిట్టర్ పేరు. పేరు పోతే మల్ల రాదు,” అన్నాడు. సారవ్వ అన్నం పెడుతూ, “ఆలుమగల నడుమ లెక్కలేందే?” అంది.

ఏమైతదో ఆ ఏడే తెలిసింది. మజ్దూరు హెల్పరై, ఆపైన ఫిట్టరు దాకా పోవాలంటే రాయాల్సిన ట్రేడ్ టెస్టు జాబితాలో ఆమె పేరు కొట్టేశారు. ఫైల్లో మెమో ఉందట. తనకూ ఒక పేరుందని, అదీ పోతుందని అప్పుడు గాని అర్థం కాలేదు శోభకు. కూలర్లకు నీళ్లు కొడుతూ కొడుతూ ఆ కాగితం గుర్తొస్తే చేతిలో పైపు విసిరికొట్టాలనిపించేది. విసరలేదు. విసిరితే దానికింకో మెమో.

ఇప్పుడు మళ్లీ నోటీసు పడింది. రేపటితో గడువు ఆఖరు. ఫారం నింపి టీవీ కింద పెట్టుకుంది. ఇంజనీరు సంతకం ఒక్కటే కావాలి. ఇరవై రోజులుగా జగదీశ్వర్‌ది ఒకటే మాట. “కారు పని కానియ్యి. సార్ ఖుషీగ ఉంటడు. అప్పుడు నేనే చెప్త.”

అందుకే ఈ ఆదివారం కూడా కిమ్మనకుండా గుడ్డలు పట్టుకుని కారు దగ్గరికి వచ్చింది. టర్బో నోట్లో ఒకటి, ఇంజన్ నోట్లో ఒకటి, కొత్త కూలర్‌కు గాలి పోయే వైపు ఒకటి, వచ్చే వైపు ఒకటి. కొంగుకు నాలుగు ముడులు. బంపర్ వెనక సందులో జగదీశ్వర్ చెయ్యి సులువుగా దూరకపోతే శోభదే దూరింది. గుడ్డ తీసి పైపు ఎక్కించాక క్లిప్పు కూడా ఆమే బిగించింది. ఒక గుడ్డ తీసింది, ముడి విప్పింది. రెండు. మూడు.

గేటు చప్పుడైంది. అచ్యుతరావు గారు, ఆదిత్య లోపలికొచ్చారు.

“శోభా! సార్ వాళ్లచ్చిన్రు. జల్ది చాయ్ పెట్టు,” లోపలినుంచి సారవ్వ కేక.

“బావా, ఇంకొకటున్నది. కూలర్ నుంచి గాలొచ్చే దిక్కు,” అంది శోభ.

“తెలుసు తియ్. నాకు నేర్పుతున్నవా? పో, సార్ నిలవడ్డడు.”

పోయింది. పాలు కాగుతుంటే కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. కొంగు తడుముకుంది. ముడి చేతికి తగిలింది. తీసే ఉంటాడులే అని మనసుకు చెప్పుకుంది, మనసు వినలేదు. పది నిమిషాల్లో కారు దగ్గుకుంటూ తిరిగొచ్చింది.

“ఇదివరకటి కంటే అధ్వాన్నంగా ఉందండీ. అస్సలు లాగట్లేదు,” అంటున్నాడు ఆదిత్య. “ఇంకోసారి ఫుల్లుగా తొక్కి చూస్తాను. కొత్తది కదా, సర్దుకుంటుందేమో.”

“ఆగరా,” అన్నాడు అచ్యుతరావు. “లోపల గుడ్డేమైనా ఉండిపోయిందా జగదీశ్వర్?”

జగదీశ్వర్ ఒక్క క్షణం కూలర్ వైపు చూశాడు. వెంటనే నవ్వేశాడు. “ఉంటే మా ఆమె పనే సార్ అది. గప్పుడు డంపర్ల గూడ గిట్లనే చేసింది గద. ఆడోళ్ల ధ్యాసంత పొయ్యి మీదనే ఉంటది.”

అచ్యుతరావు కూడా నవ్వాడు. ఆదిత్య మాత్రం స్టీరింగ్ మీద చేతులేసి మళ్లీ కదిలే తొందరలో ఉన్నాడు. గడప మీద చాయ్ పళ్లెంతో నిలబడ్డ శోభ ఆ మాటలన్నీ వింది. భయమేసింది. ఇప్పుడు నోరు విప్పితే ఈ ఇంట్లో రేపటి నుంచి ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. మొగుడి ఇజ్జత్ తీసిందంటారు, మేనత్త ముఖం చూడదు, అతను నెలల తరబడి మాట్లాడడు. విప్పకపోతే కారు ఇంజన్ పోతుంది. దానికి కూడా ఆమె పేరే రాస్తారు. రేపు ఫారం చూసి సారు, “నువ్వామ్మా? గుడ్డలు మర్చిపోయేది?” అంటాడు. ఇక ముందు కూడా ఎన్ని కూలర్లు కడిగినా, ఎన్ని క్లిప్పులు బిగించినా తన పేరు ఆ గుడ్డల దగ్గరే ఆగిపోతుంది. అన్నిటికంటే మంట పుట్టించింది అతని అబద్ధం కాదు, అది ఎంత సులువుగా వచ్చిందో అది. ఒకసారి తను మోసింది కదా, ఇక ఎప్పుడూ మోస్తుందనే ధీమా అది. తనే కదా నేర్పింది ఆ ధీమా.

పళ్లెం గడప మీదే పెట్టేసింది.

“కారు బంద్ చెయ్యిన్రి బాబూ. తొక్కితే గుడ్డ ఇంజన్లకు పోతది.” గొంతు తనకే కొత్తగా వినిపించింది. నేరుగా అచ్యుతరావు ముందుకొచ్చి కొంగు చాచింది. “ఇగో సార్, నాలుగు గుడ్డలు పెట్టిన, నాలుగు ముడులేసిన. మూడు తీసిన, మూడు ఇప్పిన. నాలుగోది తీసేటప్పుడు చాయ్ కోసం పిలిచిన్రు. ఒకటున్నదని చెప్పే పోయిన. మీరు గేటు కాడనే ఉన్నరు. ఇనే ఉంటరు.”

అచ్యుతరావు నవ్వు ఆగింది. విన్నాడు. విన్నట్టు ఆయన మొహమే చెబుతోంది.

“శోభా, ఏంది లొల్లి, లోపలికి పో,” జగదీశ్వర్ గొంతు తగ్గించి అన్నాడు.

“డంపర్ కాడ గూడ గిదే సార్. చాయ్‌కే పంపిన్రు. ఒకటున్నదని గప్పుడు గూడ చెప్పే పోయిన. మెమో మీద సంతకం నాది, తప్పు నాది గాదు. మీరు నన్నడుగలే, నేను చెప్పలే. చెప్పకపోవుడు ఒక్కటే నా తప్పు.” ఊపిరి పీల్చుకుంది. “ట్రేడ్ టెస్టుకు ఫారం నింపిన. రేపు నేనే తెచ్చిస్త. మా బావ తోని పంప.”

ఆ మెమో మీద ఇంకో సంతకం అచ్యుతరావుదే. ఆయన జవాబు కోసం శోభ ఆగలేదు. ఆదిత్య కారు ఆపి దిగి పక్కకు జరిగాడు. స్క్రూడ్రైవర్ కోసం ఆమె చెయ్యి చాచింది. జగదీశ్వర్ కదలకపోతే తనే వంగి తీసుకుంది. నేల మీద వెల్లకిలా పడుకుని, బంపర్ కింద సందులోకి కుడిచెయ్యి మోచేతి దాకా దూర్చి, క్లిప్పు వదులు చేసి పైపు లాగింది. ఇంజన్ వేడికి చెయ్యి చురుక్కుమంది. వంపు దగ్గర మెత్తగా, నూలుగా వేళ్లకు తగిలింది.

“శోభా!” లోపలినుంచి సారవ్వ. “చాయ్ సల్లగైతున్నది, సార్ వాళ్లకు అందియ్యకపోతివి?”

శోభ చెయ్యి బయటికి తీయలేదు.

“బావకు చెప్పు అత్తా. ఆయన చేతులు ఖాళీనే ఉన్నయి.”