మూడుసార్లు అనండి

విదేశాల్లో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లేవాళ్లకి మా పిన్ని దగ్గర సలహాలకి కొదవ లేదు. మూడు దేశాల్లో పద్నాలుగేళ్లు ఆ పని చేసి వచ్చిన మనిషి. నేను సూట్‌కేసు సర్దుకుంటుంటే మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది.

"బోర్డు మీద రాసే మార్కర్లు నువ్వే పట్టుకుపో. వాళ్లిచ్చేవి రెండో రోజుకే ఎండిపోతాయి. వాళ్ల భాష నీకు అర్థమైనా కానట్టే ఉండు, లేకపోతే ప్రతిదానికీ అందులోకి జారిపోతారు. మాట్లాడుతుంటే మధ్యలో ఆపి తప్పులు దిద్దకు, ఇంక నోరు తెరవరు. ముఖ్యంగా మొదటి నెల పుస్తకం ముట్టుకోకు. పుస్తకంలో ఉన్నవాళ్ల అమ్మానాన్నలు ఎవరిక్కావాలే? నీ సంగతులు చెప్పు. నీ ఇల్లు, నీ చిన్నతనం. ఏ వాక్యమైనా నువ్వు మూడుసార్లు అను, వాళ్లచేత మూడుసార్లు అనిపించు. నువ్వు 'నేను' అంటే వాళ్లూ 'నేను' అనే అనాలి. అప్పుడే అంటుకుంటుంది."

"అంటుకోవడానికి అదేమన్నా గజ్జా పిన్నీ?" అన్నాను.

పిన్ని నవ్వలేదు. ఆవిడకి హాస్యం తక్కువని అనుకుని ఊరుకున్నాను.

నాకు ముక్కు మీద కోపం. హైస్కూల్లో పదకొండేళ్లు పిల్లల మీద అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పెద్దవాళ్లకి పాఠం చెప్పే ఏడాది కాంట్రాక్టు రాగానే ఎగిరి గంతేశాను. మా ఆయన, ఏడేళ్ల మా అమ్మాయి ఇంటి దగ్గరే ఉండిపోయారు. అమ్మాయికి బళ్లో పేరు వేరే ఉన్నా ఇంట్లో అందరికీ పిచ్చుకే. బయల్దేరే రోజు అది ఏడవలేదు. నేనే ఏడ్చాను.

నాకిచ్చిన గది ఒక తాళాల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది. ఇనుప మెట్లు, రాత పలకలున్న ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కిటికీ. మార్కర్ల విషయంలో పిన్ని చెప్పింది అక్షరాలా నిజమైంది. క్లాసు పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా. కిటికీలోంచి చూస్తే రోడ్డుకి అవతల చిన్నపిల్లల బడి కనిపిస్తుంది. నా క్లాసులో పదకొండు మంది ఉంటే ఏడుగురి పిల్లలు ఆ బళ్లోనే చదువుతున్నారు. పాఠం అవగానే పిల్లల్ని తీసుకుని ఇంటికెళ్లడానికి వీలుగా వాళ్లే ఈ వేళ అడిగి పెట్టించుకున్నారట.

పదకొండు మందిలో ఒక నర్సు, ఒక రొట్టెలాయన, ఇంకా పెళ్లికాని ఒక టాక్సీ డ్రైవరు ముందు వరసలో కూర్చునేవాళ్లు. ఇంత బుద్ధిగా ఉండే క్లాసు నా జన్మలో చూడలేదు. "మా అమ్మ బట్టలు కుడుతుంది" అని నేను ఇంగ్లీషులో అంటే, పదకొండు గొంతులూ ఒకటే గొంతై మూడుసార్లు అనేవి. "కుడుతూ పాడుతుంది" అంటే అదీ అనేవి. మూడోసారికి వాళ్ల యాస పోయి నా యాస వచ్చేసేది. నేను ఊపిరి తీసుకునే చోటే వాళ్లూ తీసుకునేవాళ్లు. నాకు గర్వంగానే ఉండేది, ఎందుకు దాచడం? మొదటి నెలంతా నా గురించే చెప్పాను. మా వీధి, మా నాన్న మీసం, నేను మొదటి జీతంతో కొన్న గొడుగు. ఏ రోజు ఏం చెప్పానో పాఠాల డైరీలో రాసిపెట్టుకునేదాన్ని.

రెండో నెలలో ఒకరోజు నర్సు తొందరగా వచ్చింది. మాట్లాడటం అలవాటు చేసుకోవడానికి ఏదైనా చెప్పమన్నాను. ఆవిడ తడుముకోకుండా ఒక కథ చెప్పింది. తొమ్మిదేళ్లప్పుడు నాన్న సైకిలు చెప్పకుండా తీసుకెళ్లి మురిక్కాలవలో పడిందట. అమ్మ కొట్టడానికి చెయ్యెత్తి, చీరుకుపోయిన మోకాలు చూసి, తనే కూలబడి ఏడ్చిందట. పడింది ఆవిడ సొంత ఊళ్లోనే, తాళాల దుకాణం వెనక సందులో. ఏడ్చింది ఆవిడ సొంత తల్లే. చెబుతూ గౌను అంచు కొంచెం జరిపి కుడి మోకాలు చూపించింది. ఐదు కుట్ల మచ్చ.

చాలా బాగుందనిపించి, ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసినప్పుడు ఆ కథంతా చెప్పాను. అమ్మ పకపకా నవ్వింది.

"ఏమే, నన్నాటపట్టిస్తున్నావా? అది నీ కథే కదే! కుట్లేసిన డాక్టరు గారి చెయ్యి కూడా కొరికావు. ఆయన మళ్లీ మనింటి ఛాయలకి రాలేదు."

నాకు ఏ డాక్టరూ గుర్తు రాలేదు. ఫోన్ పెట్టేసి నా కుడి మోకాలు చూసుకున్నాను. నున్నగా ఉంది. ఎడమది చూశాను. అదీ నున్నగానే ఉంది. డైరీ తీస్తే, మూడో వారం సోమవారం కింద నా దస్తూరీతోనే ఉంది: సైకిలు కథ, ఆరు వాక్యాలు, ఒక్కొక్కటి మూడుసార్లు. ముందు పేజీలు తిప్పాను. గొడుగు, మీసం, అమ్మ పాట. అన్నీ నేను రాసినవే, ఒక్కటీ నాకు తెలియదు. మా నాన్నకి మీసం ఉండేదని ఆ పేజీ చదివితేనే తెలిసింది.

వెంటనే పిన్నికి ఫోన్ చేశాను. మా పిన్ని ఎప్పుడూ తన చిన్నప్పటి కబుర్లు చెప్పగా వినలేదని అప్పుడే తట్టింది. పెళ్లిళ్లలో అందరూ పాత సంగతులు తవ్వుకుంటుంటే ఆవిడ చిరునవ్వుతో వింటూ కూర్చునేది.

"ఆఁ, కొంచెం అలా అవుతుంది," అంది తాపీగా. "నేను అన్నీ చెప్పేశానే. ఇప్పుడు ప్రాణం హాయిగా ఉంది."

"హాయేమిటి పిన్నీ? ముందే చెప్పొద్దూ?"

"చెబితే వెళ్లేదానివా? గుర్తుపెట్టుకో, నీ గురించి నువ్వు చెప్పిందే వెళ్తుంది. పుస్తకంలోది ఎంత అరిచినా వెళ్లదు. పిల్లదాని ఊసు ఎత్తావా?"

"లేదు."

"అదృష్టవంతురాలివి. ఎత్తకు. ఎప్పుడో ఒకరోజు అడుగుతారు. పిల్లల్లేరని చెప్పెయ్. అబద్ధం చెబితే నీ దగ్గర పోయేదేముంది? నేనూ అలాగే చెప్పాను."

"తర్వాతేమైంది?"

"ఏమో. మర్నాడే నా విమానం."

ఆ మర్నాటి నుంచి పుస్తకమే పట్టుకున్నాను. పుస్తకంలో ఒక కుటుంబం ఉంది. తండ్రి ఆఫీసుకి వెళ్తాడు, తల్లి తోటకి నీళ్లు పోస్తుంది. వాళ్ల గురించి చెబితే నా క్లాసు పెదవి కదపలేదు. పదకొండు మందీ మర్యాదగా నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. ఆ చూపుల్లో కోపం లేదు, ఎదురుచూపే. ఒక వారం అలా గడిచింది. నిజం చెప్పాలంటే నా భయం కోపంగా మారి ఒళ్లు మండిపోయింది.

చివరికి నర్సు చెయ్యెత్తింది. "టీచర్, మేమంతా మా పిల్లల గురించి చెప్పాం. మీకు పిల్లలున్నారా?"

అందరూ కొంచెం ముందుకి వంగారు. మిగతావన్నీ పోయినా ఏడ్చి ఊరుకోగలను. పిచ్చుక పోతే నేను దేనికి మిగలాలి? పిన్ని మాట పట్టుకున్నాను.

"నాకు పిల్లలు లేరు," అన్నాను.

అంతటితో ఆగితే సరిపోయేది. కానీ పదకొండేళ్ల అలవాటు, రెండు నెలల అలవాటు కలిసి నోరు ఆగలేదు. మళ్లీ అన్నాను. మూడోసారీ అన్నాను. "నాకు పిల్లలు లేరు" అని క్లాసంతా మూడుసార్లు అంది, చక్కటి నా యాసతో. నేను లోపల తడుముకుని చూసుకున్నాను. పిచ్చుక ఉంది. ఊడిపోతున్న ముందు పన్ను, జడ వేస్తుంటే పెట్టే పేచీ, అన్నీ ఉన్నాయి. సంతోషంతో బోర్డు వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

పన్నెండింటికి క్లాసు వదిలాను. కిటికీ మూయబోతూ కిందికి చూశాను. ఎదుటి బడి గంట కొట్టారు. పిల్లలు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నా పదకొండు మందీ ఇనుప మెట్లు దిగి, కబుర్లు చెప్పుకుంటూ ఆ గేటు ముందు నుంచే నడిచి వెళ్లిపోయారు. ఎవరూ తల తిప్పలేదు.

ఒక పాప పరుగెత్తుకెళ్లి నర్సు చెయ్యి పట్టుకుంది. నర్సు ఆగి, వంగి, ఎంతో ముద్దుగా ఏదో అడిగింది. ఎవరి పాపవమ్మా అని అడిగిందని ఆ పాప మొహం చూస్తేనే తెలిసింది. వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుని, పాపని బడి ఆయా దగ్గర వదిలి వెళ్లింది. రొట్టెలాయన వెనకాల ఇద్దరు కవల పిల్లలు వీధి మలుపు దాకా నడిచారు. ఆయన వాళ్లని చూసి నవ్వి, జేబులోంచి రెండు పిప్పరమెంటు బిళ్లలు తీసిచ్చి, వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. నర్సుని బస్సు స్టాపు దగ్గర పట్టుకున్నాను.

"మీ పాప అక్కడ ఏడుస్తోంది!" అని అరిచాను.

"మీరు పొరబడ్డారు టీచర్," అంది జాలిగా. "నాకు పిల్లలు లేరు."

బడి దగ్గర ఆయా ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ఒక్కొక్కరికీ నాయనమ్మో, పిన్నో వచ్చి పిల్లల్ని తీసుకెళ్లేసరికి సాయంత్రమైంది. నేను రోడ్డు ఇవతల నిలబడి చూశాను. చేసింది నేను. నా కూతురిని దాచుకోవడానికి ఏడుగురి పిల్లల్ని తల్లో తండ్రో లేనివాళ్లని చేశాను. పిన్ని అయితే ఈపాటికి విమానం ఎక్కేసేది. నాకూ ఎక్కాలనే అనిపించింది, అబద్ధమెందుకు?

గదికి వచ్చి ఆలోచించాను. నా సైకిలు నర్సు దగ్గరికి వెళ్లి, ఆవిడ ఊరు, ఆవిడ తల్లి చుట్టూ అల్లుకుంది. అలాగే నాకు కూతురుందన్న మాట ఇస్తే, అది వెళ్లి వాళ్ల వాళ్ల పిల్లల చుట్టూ అల్లుకుంటుంది. కొడుకున్నాడని అబద్ధం చెబితేనో? అబద్ధం ఇస్తే అబద్ధమే చేరుతుంది, లేని కొడుకు కోసం వీధుల్లో తిరుగుతారు. ఇవ్వాల్సింది నిజమే. నా దగ్గరున్న నిజం ఒక్కటే.

కొత్త నోటు పుస్తకం తీసి పిచ్చుక గురించి రాయడం మొదలుపెట్టాను. నిద్రలో ఎడమ చెవి పట్టుకుంటుంది. జ్వరమొస్తే ముందు పాదాలు వేడెక్కుతాయి. ఆటలో ఓడితే నవ్వుతుంది, గెలిస్తే ఏడుస్తుంది. పాలు తాగనంటే గిన్నెలో పోసి పిల్లిలా తాగమనాలి. దాన్ని ఏమని పిలవాలో, అది అలిగితే ఏమనాలో కూడా రాశాను. నలభై పేజీలయ్యాయి. నలభై పేజీలేనా అని ఏడుపొచ్చింది. తర్వాత ఇంటికి ఫోన్ చేసి, దాన్ని వాళ్ల బళ్లో సంగతులన్నీ చెప్పమని అడిగి, అది విసుక్కునేదాకా విన్నాను.

మర్నాడు క్లాసులో పదకొండు మందీ ఉల్లాసంగా ఉన్నారు. నేను వాళ్ల ముందు నిలబడి, "నాకొక కూతురుంది. ఎక్కడున్నా దాన్ని పోల్చుకుంటాను," అన్నాను. రెండోసారి సగంలో ఆగి, బల్ల అంచు పట్టుకుని పూర్తిచేశాను. మూడోసారి అంటుంటే ఏ కష్టమూ లేదు. కంఠతా పట్టిన పాఠం అప్పజెప్పినట్టు వచ్చేసింది. క్లాసు తిరిగి అంటుండగానే నర్సు కుర్చీ తోసుకుని లేచింది. పన్నెండు కాకముందే అందరూ బడి గేటు దగ్గరున్నారు. ఆ పాపని ఎత్తుకుని నర్సు రోడ్డు మధ్యలోనే ముద్దులు పెట్టుకుంది. పెళ్లికాని టాక్సీ డ్రైవరు కూడా గేటు పట్టుకుని నిలబడ్డాడు. చివరి పాప వెళ్లిపోయాక, ఆయా తాళం వేశాక కూడా లోపలికి చూస్తూనే ఉన్నాడు.

మంచి పని జరిగిందని నాకు తెలుసు. కళ్లు ఎందుకు తడిగా ఉన్నాయో తెలియలేదు.

గదికి రాగానే ఫోన్ మోగింది. బల్ల మీద నోటు పుస్తకం సిద్ధంగా ఉంది. మొదటి పేజీలో, పాప ఫోన్ చేస్తే ఇది చదువు అని నా దస్తూరీ. ఎత్తాను.

"అమ్మా!" అంది ఒక చిన్న గొంతు. చాలా ముద్దుగా ఉంది ఆ గొంతు.

"ఏమే పిచ్చుకా," అన్నాను, వేలు ఆనించి చూసుకుంటూ. "పన్ను ఊడిందా? ఏడ్చి దిండు తడిపావా? నాన్న జడ వంకరగా వేశాడా?"

అటువైపు నవ్వు వినిపించింది. నాకు ధైర్యం వచ్చింది. "పాలు గిన్నెలో పోసి పిల్లిలా తాగావా? బళ్లో నీ పక్కన ఎవరు కూర్చున్నారు? కథ చెప్పనా, నువ్వు చెబుతావా?"

నవ్వు ఆగింది. టీచరు కూతురు మరి.

"అమ్మా," అంది, "నువ్వు చూసి చదువుతున్నావా?"

పేజీ తిప్పాను. ఆ తర్వాతిదీ తిప్పాను. దానికి ఏం చెప్పాలో నేను రాసుకోలేదు.