తెల్లగుడ్లు

కొంగక్క కాళ్లు ఆ పూట కూడా పీకుతూనే ఉన్నాయి. చేపపిల్లల కేంద్రంలో రోజంతా నీటితొట్ల మీద వంగి నిలబడేదని తోటివాళ్లు పెట్టిన పేరది. కేంద్రం మూసేశాక లాండ్రీలో చేరింది. అక్కడా నిలువుకాళ్ల కొలువే. ఒళ్లు హూనమైపోయింది. ఇప్పుడా పాత కేంద్రాన్నే మ్యూజియం చేశారు. కాపలాకి మనిషి కావాలట, కూర్చుని చేసే పనట. ఆ మాట చెవిన పడగానే అన్న భార్యని వెంటబెట్టుకుని వచ్చేసింది.

"మేనేజరు వచ్చేదాకా నోరూ చేతులూ అదుపులో పెట్టుకో," అంది వదిన. "ఆ కుర్చీ నీకు దక్కకపోతే నేనే కూర్చుంటాను."

"కూర్చుంటావు సరే వదినా, నిన్ను లేపేదెవరు?"

లోపల తొట్లు అలాగే ఉన్నాయి, నీళ్లే లేవు. ఒకప్పుడు నీటి హోరుకి మాట వినపడక సైగలు చేసుకున్న గది అది. ఇప్పుడు చడీచప్పుడూ లేదు. కొంగక్క ప్రాణం ఉసూరుమంది. పాత పళ్లెంలో చేపగుడ్లకి బదులు నారింజరంగు పూసలు పోశారు. మధ్యమధ్యలో తెల్లవి. పక్కనే ఒక ఈక.

తెల్లబడిన గుడ్డంటే చచ్చిన గుడ్డు. దానికి బూజు పట్టిందా, చుట్టూ ఉన్నవాటినీ తినేస్తుంది. అందుకే ఈకతో మెల్లగా పక్కకి నెట్టి ఏరెయ్యాలి. ఏళ్ల తరబడి కొంగక్క చేసిన పని అదే. మనిషికైతే బుద్ధి చెప్పొచ్చు, చేతులకెవరు చెబుతారు? వదిన గోడమీది బోర్డు చదివి ఇటు తిరిగేసరికి ఈవిడ అడ్డంగా కట్టిన తాడు మీదుగా వంగిపోయి, ఈక పట్టి, గుప్పెడు తెల్లపూసలు ఏరేసింది.

"కొంప ముంచావు కదే," అంది వదిన. గుమ్మంలో మేనేజరు నిలబడి ఉన్నాడు.

ఆయన కోప్పడలేదు. కొంగక్కకి అదే మరీ సిగ్గనిపించింది.

"తెల్లవి చచ్చినవండీ," అంది నెమ్మదిగా.

"తెలుసమ్మా. చూసేవాళ్లకి తేడా తెలియాలనే కలిపాం. ఇక్కడ కాపలా అంటే ఒకటే పని, ఎవరూ ఏదీ ముట్టుకోకుండా చూడటం. అది మీ వల్ల అవుతుందా?"

కొంగక్క కుర్చీ వైపు చూసింది. మెత్త వేసిన కుర్చీ.

"అవుతుందండీ."

"అయితే సాయంత్రం దాకా కూర్చోండి, చూద్దాం."

ఆయన తెల్లపూసలన్నీ మళ్లీ పళ్లెంలో పోసి కలిపేశాడు. కొంగక్క చూపు ఆ తెల్లవాటి మీదే ఉండిపోయింది. అయినా కూర్చుంది. కాళ్లకి హాయిగా ఉంది, అంత హాయిగా ఉన్నందుకు తన మీద తనకే చిరాకేసింది.

కాసేపటికి ఒక పెద్దాయన వచ్చి, కళ్లజోడు సవరించుకుని పళ్లెంలోకి తొంగిచూశాడు.

"ఈ తెల్లవేంటమ్మా?"

"చచ్చిపోయిన గుడ్లండీ."

"మరి తీసెయ్యరా?" అంటూ ఆయన ఒక తెల్లపూస మీదికి వేలు చాపాడు.

కొంగక్క ఒళ్లో చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

"ముట్టుకోకండి," అంది.