బొజ్జ దగ్గర ఆగిన లిఫ్టు మెకానిక్

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్కుని అందరూ పొగబండి అనేవారు. దగ్గు వినిపిస్తే చాలు, మనిషి ఏ అంతస్తులో ఉన్నాడో తెలిసిపోయేది. భార్య పోరు పడలేక ఒకరోజు సిగరెట్టు మానేశాడు. నిజంగానే మానేశాడు. కానీ ఖాళీగా ఉన్న నోరు ఊరుకుంటుందా? బిస్కెట్లు, వేరుశనగలు, ఏది దొరికితే అది లాగించాడు. దగ్గు పోయింది. దాని స్థానంలో బొజ్జ పిలవని చుట్టంలా వచ్చి తిష్ఠ వేసింది.

"బొజ్జ కాదే, ఊపిరి బిగపట్టాను," అన్నాడు భార్యతో.

"మరి వదులు. ఎంతసేపని చూడను?" అంది ఆవిడ.

ఇంతలో ఒక అపార్టుమెంటులో లిఫ్టు రెండంతస్తుల నడుమ ఆగిపోయింది. లోపల రిటైరైన లెక్కల టీచరమ్మ, ఒక టైలరు ఉన్నారు. మెకానిక్కు తన బావమరిదితో వచ్చి, కరెంటు ఆపి, పై అంతస్తు నుంచి లిఫ్టు కప్పు మీదికి దిగాడు. లోపల తలుపు బిగుసుకుంది కాబట్టి కప్పులోని చిన్న తలుపు తీసి కాళ్లు జార్చాడు. ఏళ్లుగా పిల్లిలా దూరిన సందే అది. కాళ్లు దిగాయి. తొడలు దిగాయి. బొజ్జ మాత్రం దిగనంది.

"ఊపిరి వదులు బావా!" అన్నాడు పైనుంచి బావమరిది.

"వదిలేశాన్రా! ఇది ఊపిరి కాదు, నేనే!"

కింద టైలరు వేలాడుతున్న ప్యాంటును వృత్తి ధర్మంగా పరిశీలించాడు. "కుట్లు పాపం చాలా ఓర్చుకుంటున్నాయి. సిగరెట్టు మానేస్తే ఇంతే అన్నా. నా దగ్గరుంది, అందించనా? మళ్లీ మొదలెడితే నెలలో చిక్కిపోతావ్."

"నెలదాకా ఇక్కడే వేలాడమంటావా?" అని అరిచాడు మెకానిక్కు. నిజానికి నోరూరింది. చేతులు పైన చిక్కుకుని ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

"మూసిన పెట్టెలో సిగరెట్టేంటయ్యా, బుద్ధుందా?" అని టైలరును కసిరి, టీచరమ్మ మెకానిక్కు బూటు లాగేసి అరికాలికి కితకితలు పెట్టింది. అతను కెవ్వుమని మెలికలు తిరిగి, సర్రున జారి టైలరు మీద పడ్డాడు. ఇద్దరూ లేచి ఒళ్లు దులుపుకున్నాక తలుపు సరిచేసి, బావమరిది చేత కరెంటు వేయించి, లిఫ్టును కింది అంతస్తుకు దించి అందరినీ బయటికి పంపాడు.

మర్నాడు సిగ్గు విడిచి డాక్టరును అడిగాడు. "మళ్లీ తాగితే తగ్గుతానా?"

"తగ్గుతావ్. ఆయుష్షుతో సహా," అన్నాడాయన. "బరువు మెల్లగా దించుకోవచ్చు. చెడిన ఊపిరితిత్తుల్ని ఎక్కడ రిపేరు చేయిస్తావ్? నోరు ఊరుకోకపోతే క్యారెట్టు నములు. మెట్లెక్కు."

జేబులో క్యారెట్టు ముక్కలు, కాళ్ల కింద మెట్లు. బొజ్జ తగ్గసాగింది గానీ ముహూర్తం చూసుకుని కదిలే రకం అది. పైగా కొత్త గోల మొదలైంది. అదే అపార్టుమెంటుకు తనిఖీకి వెళ్లినప్పుడల్లా అతను మెట్లెక్కడం చూసి జనం హడలిపోయారు.

"బాగుచేసినోడే ఎక్కట్లేదంటే ఏదో ఉంది!"

అందరూ మెట్ల దారి పట్టారు. ఆఖరికి అతను పనిచేసే లిఫ్టు కంపెనీ ఓనరు ఫోన్ చేశాడు. "దండం పెడతాను బాబూ, ఆ లిఫ్టెక్కు!"

బేరం కుదిరింది. ఎక్కడం మెట్ల మీద, దిగడం లిఫ్టులో. ప్రతి అంతస్తులో తలుపు తెరిచి, క్యారెట్టు నములుతూ జనానికి మొహం చూపించి మరీ దిగుతున్నాడు.