కొట్టం ముందు ఆగిన కారు

మా ఆయన జనార్ధన్‌కి చెవులు లేక కాదు, ఆ చెవులు రెండూ బావి దగ్గరే ఉండిపోయాయి. ఈ మాట కోపంలో అంటున్నది కాదు. కోపంలో అయితే ఇంకా చాలా అంటాను.

మన్సూరాబాద్‌లో మాకు బావి కింద పొలం ఉండేది. ఎనభై మూడు, ఎనభై నాలుగు ప్రాంతంలో ఎల్బీనగర్ చుట్టూ కాలనీలు లేస్తుంటే మా ఆయన కూడా పొలంలో తెల్ల రాళ్లు పాతి ప్లాట్లు చేశాడు. కస్టమర్లను బస్సులో తీసుకొస్తే పరువు తక్కువని ఒక పాత ల్యాండ్‌మాస్టర్ కారు కొన్నాడు. అంబాసిడర్ పుట్టకముందు కారు అది. అబద్ధమెందుకు, మొదటిసారి అందులో కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి పోయినప్పుడు నేనూ మురిసిపోయాను.

గొడవంతా దాని ఐడ్లింగ్ దగ్గర వచ్చింది. డ్రైవర్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఇంజిన్ ఎంత మెల్లగా తిరగాలో చెప్పే చిన్న స్క్రూ ఒకటి కార్బురేటర్ పక్కన ఉంటుంది. కుడికి తిప్పితే వేగం పెరుగుతుంది, ఎడమకు తిప్పితే తగ్గుతుంది. దిల్‌సుఖ్‌నగర్ మెకానిక్ సైదులు దాన్ని బాగానే పెట్టి పంపేవాడు. మా ఆయన ఇంటికి రాగానే బానెట్ ఎత్తి, తల లోపల పెట్టి వినేవాడు. బావి మీద ఆయిల్ ఇంజిన్ లాగా తుక్... తుక్... అని ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడాలి ఆయనకు. వినపడేదాకా స్క్రూ ఎడమకు తిప్పేవాడు.

"గట్ల కొట్టుకోవాలె ఇంజిన్. పెట్రోలు గూడ తక్కువ తాగుతది" అనేవాడు.

"ఇది నీళ్లు తోడే ఇంజినా, మనుషుల్ని మోసే కారా?"

"నీకేం ఎర్క? పోయి పాలు పిండుపో."

ఇక ఆయన కాలు తీశాడంటే కారు ఒకసారి దగ్గి, రేకులన్నీ గడగడలాడించి ఆగిపోయేది. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆగేది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్ ముందు ఆగేది. వెనకున్న బస్సు డ్రైవర్లు మా వంశంలో ఒక్కరినీ వదలకుండా తలుచుకునేవాళ్లు.

పాలంటే గుర్తొచ్చింది, అసలు సంగతి చెప్పాలి. పొలమంతా ప్లాట్లయ్యాక మూలమీద ఒక ముక్క మిగిలింది. అందులో నా బర్రెల కొట్టం ఉంది. బావి పూడ్చేశారు. నాటు వెయ్యడానికి మడి లేదు, కలుపు తియ్యడానికి చేను లేదు. పొద్దున లేచి ఇది నా పని అని చెయ్యి పెట్టడానికి నాకు మిగిలింది ఆ కొట్టం ఒక్కటే. అందులో మల్లిని దూడప్పటి నుంచి నేనే పెంచాను. "కొట్టం జోలికి రాను" అని మా ఆయన ఆ మల్లి నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ప్లాట్లు అమ్మేవాడి ఒట్టు, అయినా నమ్మాను.

ఒక ఆదివారం గంగాధరరావు గారని, ఆయన భార్య వెంకాయమ్మ గారని ప్లాటు చూడ్డానికి వచ్చారు. తెనాలి వైపు వాళ్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉంటున్నారు. నేను కొట్టంలో పేడ తీస్తున్నాను. కొట్టం ముందు రోడ్డుకు అడ్డంగా పాత నీళ్లకాలువ గుంట ఉంది. ఆ గుంట చూసి మా ఆయన కాలు తీశాడు. కారు దగ్గింది, ఆగింది.

"దిగి తోద్దామా?" అన్నారు గంగాధరరావు గారు, పాపం.

"తోయడమేంటండీ!" అంది వెంకాయమ్మ గారు. "అంత దూరం నుంచి వచ్చిన కారు సరిగ్గా ఇక్కడే ఎందుకాగాలి? ఈ స్థలం మనల్ని పిలుస్తోందండీ."

మా ఆయన అప్పుడే స్క్రూ సంగతి చెప్పొచ్చు. చెప్పలేదు. పైగా "మంచి జాగ అమ్మా, బండికి గూడ ఎర్కైంది" అన్నాడు! నా చేతిలో పేడ తట్ట ఉంది. అది ఎవరి నెత్తిన కుమ్మరించాలో నాకు బాగా తెలుసు. పరాయివాళ్ల ముందు బాగుండదని ఊరుకున్నాను.

వెంకాయమ్మ గారు ఇంకో మెలిక పెట్టింది. "వచ్చే ఆదివారం మళ్లీ వస్తామండీ. కాలనీ కమాను దాటగానే మీరు కాలు తీసెయ్యండి. బ్రేకు మాత్రం వెయ్యకూడదు. దానంతటది ఎక్కడాగితే అదే మాది."

"ఆగిన కాడ రాసిస్త, మాటంటే మాటే" అన్నాడు మా ఆయన. గుంట ఎక్కడుందో ఆయనకు తెలుసు కదా.

వాళ్లు పోగానే అడిగాను. "మల్లి మీద ఒట్టేసినవ్ గదయ్యా?"

"బర్రెలను హయత్‌నగర్‌ల మీ అన్న కాడ కట్టేద్దాం. కొట్టం కోసం గింత పరేషాన్ ఎందుకే? బొంగులు, రేకులే గదా!"

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడిస్తే ఆయన గెలిచినట్టని, కొట్టంలోకి పోయి మల్లి మెడ పట్టుకుని ఏడ్చాను. అది నా కొంగు నమలడం మొదలుపెట్టాక మానేశాను.

ఆదివారం పొద్దున మా ఆయన ఎప్పటిలాగే తుక్ తుక్ వినేదాకా స్క్రూ తిప్పి, మీసం దువ్వి, స్నానానికి పోయాడు. నేను వంటింట్లో తొక్కు కోసం పచ్చిమిరపకాయలు తరుగుతున్నాను. ఆ కత్తితోనే పోయి బానెట్ ఎత్తాను. ఇన్నాళ్లూ రోజూ చూసిన స్క్రూనే కదా, కత్తి మొనతో కుడికి తిప్పాను. కూరలో ఉప్పయితే ఎంతో చెయ్యి చెప్తుంది, దీనికి చెయ్యి ఏమీ చెప్పలేదు. అందుకని కోపం ఎంతుందో అంత తిప్పాను. కోపం బాగానే ఉంది.

వాళ్లు ఆటోలో మా ఇంటికే వచ్చారు. ముత్తైదువ పక్కన ఉండాలని వెంకాయమ్మ గారు నన్నూ కారెక్కించింది. స్టార్ట్ చెయ్యగానే కారు కీచుమని అరిచింది.

"ఇదేంది, గిట్ల మొత్తుకుంటది?" అని మా ఆయన దిగబోయాడు.

"వర్జ్యం వచ్చేస్తుందండీ, పోనివ్వండి!" అంది వెంకాయమ్మ గారు.

వెనక దారిన మెయిన్ రోడ్డు మీదికి పోయి, కమాను కింద నుంచి కాలనీలోకి తిరిగాం. మా ఆయన రెండో గేరులో దర్జాగా కాలు తీసేశాడు. కారు దగ్గలేదు. కొట్టం వచ్చింది, గుంట వచ్చింది. గుంటలో దూకి బయటపడ్డాం. అందరి తలలూ టాపుకు కొట్టుకున్నాయి. వెంకాయమ్మ గారి ఒళ్లోని కొబ్బరికాయ ఎగిరి గంగాధరరావు గారి ఒళ్లో పడింది. మల్లి ఒకసారి చూసి గడ్డిలో మూతి పెట్టుకుంది.

"ఆగుతలేదేంది!" అని మా ఆయన బ్రేకు మీదికి కాలు జరిపాడు.

"బ్రేకు వద్దండీ! మాట, మాట!"

తెల్ల రాళ్లన్నీ వెనక్కి పోయాయి. ఎవరి కోళ్లో గోడెక్కాయి. ఎవరో ఆరేసిన చీర అద్దం మీద పడితే, మా ఆయన కిటికీలో నుంచి తల బయట పెట్టి నడిపాడు. మలుపు తిరిగాక, మా ఇంటి ముందు పై అంతస్తు కోసం పోయించిన ఇసుక కుప్ప ఎక్కి, కారు ఒక్కసారి నిట్టూర్చి ఆగిపోయింది.

వెంకాయమ్మ గారు గబగబా దిగి మా గడప ముందు కొబ్బరికాయ కొట్టేసింది. "ఇదేనండీ! ఇల్లు కూడా కట్టే ఉంది!"

"పైన వాటా కూడా లేస్తోంది" అన్నారు గంగాధరరావు గారు మెచ్చుకోలుగా. "ఎప్పుడు ఖాళీ చేస్తారండీ?"

మా ఆయన మొహం తెల్లబోయింది. "ఖాళీయా? ఇది నా ఇల్లు సార్! మా నాయిన నిలబెట్టిన దర్వాజా అది. పునాది నా చేతులతోని తవ్విన. దీన్ని ఎట్ల అమ్మమంటరు?"

నేను కొంగు సర్దుకుని మెల్లగా దిగాను. "గింత పరేషాన్ ఎందుకయ్యా? ఇటుకలు, సిమెంటే గదా!"

ఆయన నావైపు చూశాడు. తర్వాత తల దించుకుని వాళ్లకు స్క్రూ సంగతి మొత్తం చెప్పేశాడు. వెంకాయమ్మ గారు చిన్నబుచ్చుకుంది గానీ, గంగాధరరావు గారు "నేను ముందే తోద్దామన్నాను కదే" అని ఒకటే నవ్వు. తర్వాత ఇద్దరూ నడుచుకుంటూ పోయి, వెనక వీధిలో ఒక ప్లాటు వాళ్ల కళ్లతో వాళ్లే చూసుకుని ఖాయం చేసుకున్నారు.

వాళ్లు పోయాక మా ఆయన బానెట్ ఎత్తి, స్క్రూని వేలితో తడిమాడు. దానికి అంటుకున్న పచ్చిమిరప గింజ చూసి, ఇదేందని చెమట పట్టిన కన్ను అదే వేలితో తుడుచుకున్నాడు. ఇంక చూడండి ఆ గెంతులు!

"మండుతుందే! నీళ్లే! నీళ్లు!"

చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన నిలబడ్డాను. "కొట్టం ఎవరిది?"

"నీదేనే తల్లీ, నీదే! జర పొయ్యి!"

ఇంజిన్ చప్పుడులో సరిగ్గా వినపడలేదన్నాను. ఇంజిన్ ఎప్పుడో ఆగిపోయింది. అయినా ఆయన ఇంకోసారి చెప్పాడు, అప్పుడు పోశాను.