అక్క ఫోన్ చేస్తే

అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంటుంది, లేస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది. సూదిలో దారం ఎక్కితే ఒట్టు. కళ్ళన్నీ టీవీ మీదే. అమ్మ తమ్ముడు, మామయ్య, ఎంపీ. ఇవాళ దేశం మొత్తం చూసే సభలో మన ఏటి వంతెన గురించి అడుగుతాడు.

పక్కనే కూర్చున్న పిల్లకి గోళ్ళు కొరకడం తప్ప ఏమీ తోచడం లేదు. హైస్కూలు ఏటికి అవతల ఉంది. వంతెన స్తంభాలు లేచి ఆగిపోయాయి. "ఈ వానల్లో నిన్ను పడవెక్కించి నేను గుండె చేత్తో పట్టుకుని కూర్చోలేను. మంత్రి సభలో మాటిస్తే బడి, లేదంటే మిషను" అని నాన్న తేల్చేశాడు.

ఇస్త్రీ బాబాయ్ గుమ్మంలో నిలబడి నవ్వాడు. "గెలిచిన దగ్గర్నుంచి మీ తమ్ముడు కుర్చీ వెచ్చబెట్టడమే చూశాం వదినా. ఇవాళైనా నోరు విప్పుతాడంటావా?"

"ఎవరు అడగాలో సభలో తీసే చీటీల్లో వాడి ప్రశ్న ఇన్నాళ్ళకు వచ్చింది. విప్పక ఏం చేస్తాడు? మీరే నోరు మూసుకుని చూడండి."

పేరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే వంతు పోయినట్టేనని మామయ్యే చెప్పాడు. టీవీలో ఇప్పుడు ఎవరో రోడ్ల గురించి అడుగుతున్నారు. ఆ తర్వాత మామయ్యే.

అమ్మ కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగింది. "కాగితం మర్చిపోయాడేమో. ఒక్కసారి కనుక్కుంటా."

"వద్దమ్మా" అంది పిల్ల. ఆ మాట తనకే సరిగ్గా వినిపించలేదు. అమ్మ అప్పటికే నంబరు నొక్కేసింది.

మామయ్యను పెంచింది అమ్మే. అక్క ఫోన్ చేస్తే అన్నం ముందు నుంచైనా లేచి మాట్లాడతాడని అమ్మ అందరికీ గొప్పగా చెబుతుంది. టీవీలో మామయ్య జేబు తడుముకున్నాడు. నడుం వంచి, ఎవరికీ అడ్డం రాకుండా, మెల్లగా బయటికి నడిచాడు.

"ఏంటక్కా, ఒంట్లో బాగాలేదా?"

"కాగితం ఉందిరా?"

సభాపతి మామయ్య పేరు చదివారు. కుర్చీ ఖాళీగా ఉంది. మరోసారి చదివి తర్వాతి పేరుకు వెళ్ళిపోయారు. ఇస్త్రీ బాబాయ్ నవ్వలేదు. అమ్మ చెయ్యి ఫోన్‌తో పాటు కిందికి జారింది.

మామయ్యతో ఎప్పుడూ నాలుగు మాటలు మాట్లాడని పిల్ల ఆ ఫోన్ లాక్కుంది.

"మామయ్యా, నీ వంతు పోయింది."

"మళ్ళీ చీటీ వేస్తానమ్మా. ఎప్పుడు తగులుతుందో..."

"తగిలేదాకా నన్ను బడి మానిపించొద్దని నాన్నకి చెప్పు. సాయంత్రం ఇంటికొస్తాడు, అప్పుడు ఫోన్ చెయ్యి. అక్కడ అడగాల్సింది ముందు ఇక్కడ అడుగు."

"మీ నాన్న నా మాట వింటాడా?"

"వినేదాకా ఫోన్ పెట్టకు."

మామయ్య సరేనన్నాడు. అమ్మ ఫోన్ కోసం చెయ్యి చాపింది. పిల్ల ఇవ్వలేదు. వెనక్కి దాచుకుని, నాన్న వచ్చే దారివైపు చూస్తూ గుమ్మంలో నిలబడింది.