మాట్లాడరాదు

ఓబులేసుకు వచ్చిన మాటలు రెండేనని ఆఫీసులో ఒక జోకు. ఒకటి 'నాకు', రెండోది 'రాదు'.

ఇందులో తప్పు ఓబులేసుది కాదు, తెలుగుది. మన భాషలో మనిషి విద్య దగ్గరికి పోనక్కర్లేదు, విద్యే మనిషి దగ్గరికి రావాలి. ఈత వచ్చు, వంట వచ్చు, ఇంగ్లీషు వచ్చు. రాకపోతే రాదు, అంతే. మనం స్టాపులో నిలబడి ఎదురుచూడాలి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఓబులేసు ఆ స్టాపులోనే నిలబడి ఉన్నాడు. ఈలోగా జుట్టు పోయింది, నడుం నొప్పి వచ్చింది, ధైర్యం మాత్రం రాలేదు.

మనిషిది జమ్మలమడుగు. ఇల్లు ప్రగతి నగర్‌లో. ప్రగతి ఆ నగర్ దాకా వచ్చి ఆగింది గాని, ఓబులేసు ఉండే నాలుగో అంతస్తుకు ఎక్కలేదు. లిఫ్టు పనిచెయ్యదు కాబట్టి దాన్నీ తప్పుపట్టలేం. పొద్దున్నే స్కూటరు మీద బయలుదేరి, జేఎన్‌టీయూ దగ్గర కొంత ఆయుష్షు, ఫ్లైఓవర్ కింద మరికొంత ఆయుష్షు ఖర్చుపెట్టి హైటెక్ సిటీ చేరేసరికి, ఆఫీసుకు వస్తున్నవాడిలా కాక ఆఫీసు నుంచి పోతున్నవాడిలా ఉంటాడు. ఆ స్కూటరుకు సెల్ఫ్ పోయి ఏడాది దాటింది. "సెల్ఫ్ బాగు చేయించుకోండి సార్, ఎన్నాళ్లని కిక్కు కొడతారు?" అంటాడు మెకానిక్కు. "కిక్కు కొడితే కదుల్తాంది గదప్పా" అంటాడు ఓబులేసు. బండీ మనిషీ ఒకే కంపెనీ తయారీ.

పని మాత్రం వచ్చు. వాళ్ల టీమ్ లండన్‌లోని ఒక చెప్పుల కంపెనీకి పనిచేస్తుంది. ఏ దుకాణంలో ఎన్ని జతలు మిగిలాయో చూపించే సాఫ్ట్‌వేర్ వీళ్లది. అందులో ఏది చెడినా ఓబులేసు బాగుచేస్తాడు. చేసి, ఎలా చేశాడో పక్క సీట్లోని దినేష్‌కు చాట్‌లో రాస్తాడు. కాల్ మొదలయ్యాక దినేష్ దాన్ని పైకి చదువుతాడు. చెప్పుల కంపెనీకి చెప్పలేకపోవడం అనే జబ్బు ఇది, మందు లేదు. కాల్ అంటే చాలు, ఓబులేసు కాలు వణుకుతుంది. మైకు మ్యూట్‌లో పెట్టి, మాటలు మూటగట్టి కూర్చుంటాడు.

జబ్బుకు ఒక పుట్టుక ఉంది. చేరిన కొత్తలో ఒక కాల్‌లో 'డిటర్మిన్' అనవలసిన చోట 'డిటర్‌మైన్' అన్నాడు. ఎవరో నవ్వారు. ఎవరన్నది ఇప్పటికీ తెలియదు. ఆ మాట చివర ఉన్న మైను, మందుపాతర లాంటి మైను, అక్కడే పేలింది. ఆ తర్వాత ఓబులేసు ఏ కాల్‌లోనూ కాలు పెట్టలేదు.

ఇలా ఇంకో పదేళ్లు నడిచేదే. కానీ ఆ బుధవారం, టీ మెషీను దగ్గర, టీమ్ లీడ్ లింగమూర్తి ఆయన్ని పట్టుకున్నాడు. లింగమూర్తిది సిద్దిపేట. ఓబులేసు ఈడువాడే, ఒకరినొకరు 'అన్నా' అనుకుంటారు.

"అన్నా, ఒకటో తారీకు నుంచి నన్ను వేరే ప్రాజెక్టుకు ఏస్తున్నరు. మరి ఈడ లీడ్ ఎవలు?"

"దినేష్ ఉన్నాడు గదన్నా."

"పిలగానికి రెండేండ్లు గూడ గాలే. జర నా మాట ఇను. శుక్రవారం కాల్ల లండన్ మార్గరెట్‌కు స్టాక్ లెక్క ఎందుకు తప్పొస్తుందో చెప్పాలె. కనిపెట్టింది నువ్వు. నువ్వే చెప్పు. ఒక్కసారి చెప్పినవనుకో, ఈయన్నే లీడ్ జెయ్యండ్రి అని ఆమెనే అంటది. చెప్పలేదనుకో, నోయిడా ఆఫీసు నుంచి ఎవన్నో తెస్తరు. ఆడొచ్చి నీ పని నీకే నేర్పుతడు."

"నాకు రాదన్నా."

"ఏం రాదు?"

"మాట్లాడేది."

"ఇప్పుడు జేస్తున్నదేంది మరి? ఈల ఏస్తున్నవా?"

"ఇది తెలుగు గదా."

"ఇంగ్లీషుకు గూడ గీ నోరే వాడ్తరే. వేరేది అమ్మరు."

"రిస్కన్నా..."

"నీకు రిస్కొద్దు, రస్కు గావాలె." లింగమూర్తి తన చేతిలోని రస్కును ఆయన కప్పులో ముంచి మరీ ఇచ్చాడు. "రేపు రాత్రి లోపు చెప్పు. ఫికర్ జెయ్యకు."

ఫికరు చెయ్యవద్దని ఎవరైనా అంటే, అంతవరకు చెయ్యనివాడు కూడా మొదలుపెడతాడు. ఓబులేసు ఆ ఫికరును స్కూటరు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చాడు. నోయిడా వాడు కళ్లముందు కనిపించసాగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నల్ల కాఫీ. 'చూడండి ఓబులేష్ జీ' అంటూ, ఓబులేసు రాసిన ప్రోగ్రామును ఓబులేసుకే వివరిస్తున్నాడు. అలసటలో కూడా ఓబులేసుకు ఒళ్లు మండింది. రాత్రంతా మండి, తెల్లారేసరికి అది ధైర్యంలాంటిదేదో అయింది. ధైర్యం కాదు, దాని దూరపు చుట్టం.

గురువారం ఆఫీసు నుంచి రాగానే వంటింట్లో ఫ్రిజ్ తలుపు తెరిచి దాని ముందు నిలబడ్డాడు. "గుడ్ ఆఫ్టర్‌నూన్ మార్గరెట్" అన్నాడు.

పొయ్యి దగ్గరున్న భార్య కిరణ్మయి వెనక్కి తిరిగింది. "ఏమంటాంది మార్గరెట్టు?"

"చల్లగా వింటాంది."

"సరే, ఆ యమ్మకేమి చెప్పబోతావో అది నాకు చెప్పు. తెలుగులోనే చెప్పు ముందు."

ఓబులేసు చెప్పాడు. కొన్నవాళ్లు కొన్ని చెప్పుల్ని నచ్చక వెనక్కిస్తారు. అలా తిరిగొచ్చిన జతను దుకాణంలో ఒకసారి, గోడౌన్‌లో ఒకసారి, రెండు మార్లు లెక్క వేసుకుంటోంది సాఫ్ట్‌వేర్. అందుకే తెర మీద ఉన్న జత అరల్లో ఉండదు.

"అంతేనా? నాకే అర్థమయ్యె, చెప్పులమ్మే యమ్మకు అర్థం కాదా?" అంది కిరణ్మయి. "నువ్వే మాట్లాడతానని రాసిపారెయ్యి ఆయప్పకు."

ఓబులేసు ఫోను తీశాడు. 'నేనే మాట్లాడతా' అని రాయబోయాడు. వేళ్లు అలవాటు కొద్దీ పక్కదారి పట్టి, 'అన్నా, రేపు కాల్‌లో ఎవరు మాట్లాడాలి?' అని రాశాయి.

కాసేపటికి లింగమూర్తి జవాబు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. దీర్ఘాలు లేవు, ప్రశ్నార్థకం లేదు, చుక్క కూడా లేదు.

'అన్నా కాల్ల నువ్వు మాట్లాడరాదు'

ఓబులేసు రెండుసార్లు చదివాడు. మొదట ప్రాణం హాయిగా అనిపించింది. ఫోను జేబులో పెట్టుకోబోయాడు. పెట్టుకోలేక మళ్లీ తీసి చూశాడు.

"ఏమన్నాడు?"

"మాట్లాడరాదంట."

"అదేంది! నిన్న నువ్వే చెప్పమన్నోడు..."

"ఆలోచించుకోనుంటాడులే. నాకు రాదని నేనంటి, మాట్లాడరాదని ఆయన అనె. ఇద్దరిదీ ఒకే మాట."

"ఎందుకు రాదో అడగల్ల గదా!"

"ఏమడిగేది? తెలిసిందే గదా."

ఫ్రిజ్ ఇంకా తలుపు తెరుచుకునే ఉంది, మిగతా ఉపన్యాసం వింటానన్నట్టు. ఓబులేసు దాన్ని మూసేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం అంతా రాసి దినేష్‌కు పంపాడు. దినేష్ కుర్చీతో సహా ఇటు జరిగాడు.

"సార్, ఇవాళ మీరు కదా?"

"మారింది నాయనా."

"సార్, కోపం తెచ్చుకోకండి. ఆవిడ ఎదురు ప్రశ్న వేస్తే నేను మీ వైపు చూడాలి, మీరు టైప్ చెయ్యాలి, అప్పటిదాకా నేను 'గుడ్ క్వశ్చన్, వెరీ గుడ్ క్వశ్చన్' అంటూ కూర్చోవాలి. పోయినసారి ఏడు సార్లు అన్నాను. థాంక్యూ అంది ఆవిడ. నాకు చాతకావట్లేదు సార్."

"ఇది ఆఖరుసారిలే" అన్నాడు ఓబులేసు. ఎందుకు ఆఖరుదో ఆయనకు తెలుసు. ఇకమీదట చదివి వినిపించడానికి నోయిడా ఉంది.

సాయంత్రం కాల్ మొదలైంది. లింగమూర్తి పై అంతస్తులోని మీటింగ్ గది నుంచి చేరాడు. కుశల ప్రశ్నలయ్యాయి, లండన్‌లో వాన అయింది. ఇక స్టాక్ సంగతి చూద్దామంది మార్గరెట్. "దాన్ని కనిపెట్టిన మా సహోద్యోగే మీకు వివరిస్తారు" అన్నాడు లింగమూర్తి ఇంగ్లీషులో.

ఓబులేసు దినేష్ వైపు చూసి, కానివ్వమని సైగ చేశాడు. కనిపెట్టింది నేను కాదుగా అని దినేష్ సైగ చేశాడు. ఈలోగా ఓబులేసు తెర మీద చాట్ మెరిసింది.

'అన్నా మాట్లాడరాదు'

మాట్లాడటం లేదుగా! ఓబులేసు మైకు వైపు చూసుకున్నాడు. మ్యూట్‌లోనే ఉంది.

'జర మాట్లాడరాదు'

జర అంటే కొంచెం. కొంచెం కూడా మాట్లాడరాదట. ఊపిరి వినబడుతోందేమోనని ఓబులేసు ఊపిరి కూడా తగ్గించాడు. మ్యూట్ మీద ఇంకో మ్యూట్ ఉంటే అదీ నొక్కేవాడే. "హలో? వినబడుతున్నానా?" అంటోంది మార్గరెట్. దినేష్ నుదుటికి చెమట పట్టింది.

మెట్ల తలుపు దభాలున తెరుచుకుంది. లింగమూర్తి. పై నుంచి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చెయ్యి ఓబులేసు వైపు చాచాడు.

"ఏందన్నా, ఎంతసేపు! మాట్లాడరాదూ!"

ఆ చివరి దీర్ఘం చెవిన పడగానే ఓబులేసుకు ఒళ్లు ఝల్లుమంది.

ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో 'కూసోరాదూ' అంటే కూర్చున్నాడు, 'తినరాదూ' అంటే తిన్నాడు. కిరాయి ఇంటి ఓనరమ్మ 'ఇంటికి రారాదూ' అంటే వెళ్లి చాయ్ తాగాడు. ఒక్కనాడూ తప్పు అర్థం చేసుకోలేదు. ఇక్కడ 'రాదూ' అంటే కూడదని కాదు, 'చెయ్యొచ్చు కదా' అని బతిమాలడం. చెవితో విన్న ప్రతిసారీ తెలిసిన సంగతి, కంటితో చదివేసరికి తిరగబడింది. లింగమూర్తి పంపింది పిలుపు. తనకు అందింది నిషేధం. మధ్యలో మార్చింది ఎవరు? ఫోను కాదు, సిద్దిపేట కాదు. పుస్తకాల తెలుగు కూడా కాదు, పాపం.

ఇప్పుడు తప్పించుకోవడానికి ఎవరి ఆజ్ఞా లేదు. అదే అన్నిటికంటే పెద్ద కష్టం అనిపించింది. అడ్డంగా నిలబడిన ఒకే ఒక్క మనిషి తన కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు, నడుం నొప్పితో. దినేష్ ఇంకా ఆయన వైపే చూస్తున్నాడు. ఇప్పటికీ సైగ చెయ్యొచ్చు. చదివేస్తాడు కుర్రాడు. నోయిడా వచ్చేస్తుంది.

సెల్ఫ్ ఎలాగూ లేదు. కిక్కు పడింది. ఓబులేసు మ్యూట్ తీశాడు.

"గుడ్ ఆఫ్టర్‌నూన్ మార్గరెట్" అన్నాడు. ఫ్రిజ్‌కంటే ఆవిడే నయం, బదులు పలికింది.

తిరిగొచ్చిన చెప్పుల సంగతి మొదలుపెట్టాడు. సగంలో ఆవిడ "సారీ, మళ్లీ చెబుతారా?" అంది. అయిపోయింది అనుకున్నాడు. వాళ్లింట్లో కుక్క మొరిగిందట, అందుకని. మళ్లీ చెప్పాడు. ఏది ఏ దుకాణం జతో ఎలా తెలుసుకుంటామో చెప్పబోతుండగా దూరాన ఆ మాట కనబడింది. దానికి పక్కదారి లేదు. తప్పుకోబోయి, ఎదురుగానే వెళ్లి గుద్దాడు.

"డిటర్‌మైన్" అన్నాడు. అక్షరాలా పాత తప్పు.

ఓబులేసు ఆగి, నవ్వు కోసం ఎదురుచూశాడు. ఎవరూ నవ్వలేదు. అవతల కీబోర్డు చప్పుడు మాత్రం వినిపించింది. మార్గరెట్ రాసుకుంటోంది. "సరే, దీన్ని ఎప్పటికి సరిచేస్తారు?" అంది.

అంతే. మైను పేలలేదు. ఎప్పుడో తుప్పుపట్టిందేమో, దాని చుట్టూ తానే ఇన్నాళ్లూ ముళ్లకంచె వేసి కాపలా కాశాడు. ఓబులేసుకు సంతోషం కలగలేదు. ముందు విపరీతమైన అలసట కలిగింది, ఖాళీ గోడౌనుకు కాపలా కాసినవాడి అలసట.

వచ్చే బుధవారానికి సరిచేస్తానన్నాడు. చివర్లో మార్గరెట్ మామూలుగా అడిగింది. "ఒకటో తారీకు నుంచి నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

లింగమూర్తి పైకప్పు వంక చూస్తున్నాడు. దినేష్ తన గోళ్ల వంక చూసుకుంటున్నాడు. కావాలనే ఇద్దరూ.

"మీ" అన్నాడు ఓబులేసు.

తెలుగులో అయితే ఆ మాట ఎదుటివాడిది. మీ ఇష్టం, మీ దయ, మీరెలా అంటే అలా. ఓబులేసు బతుకంతా ఆ 'మీ' తోనే గడిచింది. ఇవాళ మొదటిసారి ఇంగ్లీషు 'మీ' అన్నాడు. నేను.

"గుడ్" అంది మార్గరెట్. ఇంకో పది నిమిషాలు వాన గురించే మాట్లాడింది.

"సోమవారం నుంచి దినాం కాల్ ఉంటది" అన్నాడు లింగమూర్తి, కాల్ ముగిశాక.

"రోజూనా?"

"లీడ్ అంటే లేడు అనుకున్నవా? ఉండాలె. దినాం ఉండాలె." వెళ్లబోయి మళ్లీ ఆగాడు. "అవును గని, రెండుసార్లు చాట్ పెడితి. ఎందుకు మాట్లాడలే?"

"అదొక పెద్ద కథన్నా" అన్నాడు ఓబులేసు. చెప్పే ఓపిక లేదు. ఇవాళ్టికి చెప్పవలసింది చెప్పేశాడు.

కింద పార్కింగ్‌లో నిలబడి కిరణ్మయికి ఫోన్‌లో చెప్పాడు, రాదూ అన్న దీర్ఘంతో సహా. ఆమె ఎంతసేపటికీ నవ్వు ఆపకపోయేసరికి పెట్టేశాడు. తన మాటకు జనం నవ్వితే ఏమవుతుందోనని ఇన్నేళ్లూ భయపడ్డాడు. ఏమీ కాలేదు, చెవి కొంచెం వేడెక్కింది.

జేఎన్‌టీయూ దగ్గర మామూలే. బస్సుకూ బస్సుకూ మధ్య స్కూటరు ఆగిపోయింది. జేబులో ఫోను కదిలింది, కిరణ్మయి నుంచి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, దీర్ఘాలు లేవు.

'ఉగ్గాని చేస్తి చల్లారుతాంది ఇంటికి రారాదు'

ఓబులేసు ఈసారి చెవితో చదివాడు. వెనకవాడు హారన్ కొడుతున్నాడు. కాలు ఎత్తి కిక్కు కొట్టాడు. మూడోసారికి వచ్చింది.